కబురుకర్ర

ఆర్విద్ దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. దానికి తాళం వేసి, తాళంచెవిని దారానికి కట్టి మెడలో వేసుకుని తిరిగేవాడు. స్నానం చేసేటప్పుడు కూడా తీసేవాడు కాదు. పెట్టెలో బంగారం ఉందనుకునేరు, ఉన్నవి కాగితపు చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక్కో మాట. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట ఎలా మారింది, పాత పుస్తకాల్లో ఏ వేషంలో కనబడింది, అన్నీ చీమ తలకాయలంత అక్షరాలతో రాసి పెట్టుకున్నాడు.

ఇది స్వీడన్ దేశంలో జరిగిన కథ. నూట పాతికేళ్ళ కిందటి మాట. కొందరు పండితులు కూడి తమ భాషకి పెద్ద నిఘంటువు ఒకటి తయారుచేస్తూ, కొన్ని మాటల పని కుర్రవాడైన ఆర్విద్‌కి అప్పగించారు. మూడేళ్ళు గడిచాయి. ఒక్క చీటీ కూడా పెట్టె దాటి బయటికి రాలేదు. ఎప్పుడడిగినా, "ఇంకొక్క సందేహం ఉందండీ, అది తీరగానే ఇచ్చేస్తాను" అనేవాడు. ఆ సందేహం తీరేలోపు దానికి ఇద్దరు పిల్లలు పుట్టేవారు.

చివరికి ఒక మాట దగ్గర అతని బండి పూర్తిగా ఆగిపోయింది. బూద్‌కావ్లె అనే మాట.

రెండు మాటలు అతికితే వచ్చిన మాట అది. బూద్ అంటే కబురు, పిలుపు. కావ్లె అంటే కర్రముక్క. మనం కబురుకర్ర అనుకోవచ్చు. మన ఊళ్ళలో టముకు వేసి చాటింపు చెప్పేవారు చూడండి, అక్కడ ఆ పని కర్ర చేసేది. ఊరంతా ఒకచోట చేరాల్సిన అవసరం వస్తే ఊరిపెద్ద ఒక కర్రని మొదటి ఇంటికి పంపేవాడు. మొదటి ఇంటివాళ్ళు దాన్ని రెండో ఇంట్లో ఇవ్వాలి, రెండో ఇంటివాళ్ళు మూడో ఇంట్లో. పొద్దు తిరిగే వైపుగా ఊరంతా చుట్టి అది ఆఖరి ఇల్లు చేరాలి. ఎవరి వంతు ఒక్క ఇల్లే. కానీ ఆ ఒక్క ఇంటికీ సూర్యుడు గూట్లో పడేలోగా చేర్చాలి.

బూద్ సంగతి ఆర్విద్ తేల్చేసుకున్నాడు. మన బోధకీ, బుద్ధుడికీ ఏది మూలమో, వేల ఏళ్ళ వెనక్కి వెళితే బూద్‌కీ అదే మూలమని, దానికి మేలుకోవడమని అర్థమని పెద్దల పుస్తకాల్లో చదివి పట్టుకున్నాడు. చిక్కంతా కావ్లె దగ్గరే. వాళ్ళ వంటింట్లో రొట్టెలు వత్తుకునే గుండ్రటి కర్రని కావెల్ అంటారు. కావ్లెకీ కావెల్‌కీ చుట్టరికం ఉంది, అందులో అనుమానం లేదు. అలాంటప్పుడు కబురుకర్ర కూడా గుండ్రంగా ఉండాలి కదా. పట్నంలో అద్దాల బీరువాలో అతను చూసిన పాత కబురుకర్రలు రెండూ పలకలుగా చెక్కినవి. అసలు పలకల కర్ర ముందా, గుండ్రటి కర్ర ముందా? అది తేలందే చీటీ ఇవ్వనని భీష్మించుకుని కూర్చున్నాడు.

నిఘంటువు పని చూసే పెద్దాయనకి ఓపిక అయిపోయింది.

"హుల్టా అని ఒక పల్లె ఉంది, అక్కడికి వెళ్ళు. నాకు అక్షరాలు దిద్దించిన మేష్టారు ఉంటారు. వచ్చే క్రిస్మస్‌కి నీ పెట్టె నా బల్ల మీదికి రాకపోతే నీ పని ఇంకొకరికి ఇచ్చేస్తాం. మూడేళ్ళ కష్టం నీది, తర్వాత నన్ననకు" అన్నాడు.

అలా ఆర్విద్ పెట్టె మోసుకుంటూ హుల్టా వచ్చాడు.

అడవుల మధ్య పదకొండు ఇళ్ళ ఊరు అది. ఏడో ఇల్లు బడి. బడిలోనే ఎలోఫ్ మేష్టారి కాపురం. ఆదివారం చర్చిలో గంట కొట్టి పాటలు పాడించడం, మిగతా రోజులు పిల్లలకి చదువు చెప్పడం ఆయన పని. ఊళ్ళో గెడ్డాలు నెరిసినవాళ్ళు కూడా ఆయన దగ్గర దెబ్బలు తిని చదువుకున్నవాళ్ళే. ఆర్విద్ వెళ్ళేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని జోడుకి మాసిక వేసుకుంటున్నాడు.

"ఏం కావాలి?" అన్నాడు తలెత్తకుండా.

"ఒక మాట మూలం కావాలండీ."

"దొరికితే ఏం చేస్తావు?"

"చీటీ మీద రాసుకుంటాను."

"రాసి?"

"పెట్టెలో పెడతాను."

మేష్టారు అప్పుడు తలెత్తాడు. పెట్టెని చూశాడు, అతని మెడలో తాళంచెవిని చూశాడు.

"సరే, ఉండు. కట్టెలు కొట్టడం వచ్చా?"

వేసవంతా ఆర్విద్ కట్టెలు కొట్టాడు, బావి నుంచి నీళ్ళు మోశాడు. కబురుకర్ర మాట ఎత్తినప్పుడల్లా మేష్టారు విని ఊరుకునేవాడు. ఒక సాయంత్రం ఆర్విద్ ఇక ఉండబట్టలేక, గంజి చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, బూద్ అనే మాట ఏయే దేశాలు తిరిగి వచ్చిందో, దాని అడుగున మేలుకోవడం అనే అర్థం ఎలా దాగి ఉందో గంటసేపు చెప్పాడు. మేష్టారు ఆసక్తిగా విన్నాడు.

"బాగుంది. మేలుకోవడం. రేపు పొద్దున నువ్వే లేచి ఆవుకి గడ్డి వెయ్యి" అని గిన్నె తీసుకుని లేచాడు.

ఈయనకేమీ తెలియదని ఆ రోజే ఆర్విద్ తేల్చేసుకున్నాడు. ఉన్న ఊరు దాటని ముసలాయన, పైగా పుస్తకాలు పదో పన్నెండో ఉన్నాయి. వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ పట్నం వెళితే పెద్దాయన పెట్టె అడుగుతాడు. అందుకని ఉండిపోయాడు.

ఆగస్టు వచ్చింది. రై కోతలు అయ్యాయి. రై అంటే చలిదేశపు ధాన్యం, గోధుమకి చెల్లెలి వరస. కోసిన పనలని పొలంలోనే గుంజలకి గుచ్చి ఆరబెడతారు, ఆరాక బళ్ళకెత్తి కొట్టంలోకి చేరుస్తారు.

ఊరికి ఆఖరున, పదకొండో ఇంట్లో మాలిన్ అనే ఆవిడ ఉండేది. ఆమె భర్త నీల్స్ జూన్‌లో మాను కొడుతుంటే అది మీద పడి కాలు విరిగింది. మాలిన్ ఒక్కతే కోత కోసింది. ఆరబెట్టడం కూడా ఒక్కతే చేసింది. ఇంటికి చేర్చడం మాత్రం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. పొలం పల్లంలో ఉంది, కొట్టం గుట్ట మీద ఉంది. ఆమెకి ఉన్నది ఒక ముసలి ఎద్దు. ఆ రై పనలే వాళ్ళకి చలికాలపు రొట్టె, వచ్చే ఏటి విత్తనం. అవి వానకి నాని మొలకెత్తాయంటే కౌలు భూమి వదిలేసి, పిల్లలని తలా ఒక చుట్టం ఇంట్లో పెట్టి, మొగుడూ పెళ్ళాలు కూలికి పోవాల్సిందే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఆర్విద్‌కి కూడా తెలుసు. మాలిన్ అప్పుడప్పుడు బడికి పాలు తెచ్చేది. అతను ఆమె యాస విని రెండు చీటీలు కూడా రాసుకున్నాడు.

ఒక శుక్రవారం పక్క ఊళ్ళో ఎవరో పోతే, గంట కొట్టడానికి మేష్టారు వెళ్ళాడు. మర్నాడు పొద్దున వస్తానని, ఇల్లు చూసుకోమని చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నం ఆరో ఇంటి బ్రీతా వచ్చి తలుపు కొట్టింది. "ఇదిగో, కర్ర వచ్చింది" అని ఆర్విద్ చేతిలో పెట్టి, రొట్టె మాడిపోతుందంటూ పరుగున వెళ్ళిపోయింది.

అద్దాల వెనక తప్ప ఇంకెక్కడా లేదనుకున్న కబురుకర్ర, ఊళ్ళో ఇంకా తిరుగుతున్న కబురుకర్ర, తన చేతిలో ఉంది.

బల్ల దగ్గరికి తీసుకెళ్ళి కొలిచాడు. జానెడున్నర పొడుగు. గుండ్రంగా ఉంది, చివర్లలో మాత్రం కాస్త పలకలు తేలి ఉన్నాయి. ఒక కొస నల్లగా కాల్చి ఉంది, రెండో కొసకి చిన్న తాడు ముడి. ఆ రెండు గుర్తుల సంగతి ఒక చీటీలో అతనే రాసుకున్నాడు: ఈ కర్రని ఆపినవాడి ఇల్లు కాల్చి, వాణ్ణి ఉరి తీస్తామని పూర్వం ఇచ్చిన హెచ్చరిక. పుస్తకంలో ఉన్నట్టే కర్ర మీదా ఉందని చూసి మురిసిపోయాడు. పదకొండు ఇళ్ళ గుర్తులు వరసగా చెక్కి ఉన్నాయి, అవన్నీ దించుకున్నాడు. నడుమ ఒకచోట కర్ర సన్నబడి చిన్న పల్లంలా ఉంది. "వడ్రంగి పొరపాటు" అని పక్కన రాశాడు.

కర్రకి ఒక చీలిక, అందులో మడతపెట్టిన కాగితం ఉన్నాయి. తీసి చదివాడు.

"రేపు సూర్యోదయానికి అందరూ మాలిన్ పొలానికి రావాలి. బళ్ళున్నవాళ్ళు బళ్ళతో రావాలి. పెద్ద వాన వచ్చేలా ఉంది. ఊరిపెద్ద మత్తిస్."

రెండుసార్లు చదివాడు. ఎంత చక్కటి ఉదాహరణ దొరికిందని సంబరపడ్డాడు. ఒక్క చుక్క కూడా పోకుండా చీటీ మీదికి ఎక్కించి, కింద తారీకు వేశాడు. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి మళ్ళీ చీలికలో పెట్టాడు. ఆ మాటలు తనతో కూడా చెబుతున్నారని అతనికి తట్టలేదు.

ఇంకో పటం గీద్దామనుకుని కూర్చున్నాడు. పొద్దు గుంకింది.

మర్నాడు తెల్లవారగానే ఆర్విద్ నోటుపుస్తకం పట్టుకుని మాలిన్ పొలానికి బయల్దేరాడు. పిలుపు అందుకున్న జనం ఎలా వస్తారో కళ్ళారా చూసి రాయాలని అతని ఆశ. కర్రని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు, మత్తిస్‌ని రెండు మూడు గుర్తుల గురించి అడగాలని.

పొలంలో జనం ఉన్నారు కానీ పని జోరందుకోలేదు. రెండు బళ్ళు మాత్రం ఉన్నాయి. మిగతావాళ్ళు పనలని భుజాన మోసుకుంటూ గుట్ట ఎక్కుతున్నారు. నీల్స్ కాలు చాపుకుని గట్టు మీద పీటేసుకుని కూర్చున్నాడు. పడమటి అడవి మీద మబ్బు సీసం రంగులో దిగుతోంది. మాలిన్ చేతిలో పన అలాగే పట్టుకుని బాట వైపు చూస్తోంది.

"ఆరిళ్ళవాళ్ళే వచ్చారు" అన్నాడు మత్తిస్. "అవతలి మూడిళ్ళూ ఏవీ? గుర్రబ్బళ్ళన్నీ వాళ్ళవే కదా. వాళ్ళని నమ్ముకునే నేను ఇవాళ పెట్టింది."

"కర్ర అందలేదేమో" అన్నారు ఎవరో.

"నేను నిన్న మధ్యాహ్నమే బడిలో ఇచ్చానే" అంది బ్రీతా.

అందరూ ఆర్విద్ వైపు తిరిగారు. అతనికి చంకలో ఉన్న కర్ర ఒక్కసారిగా బరువెక్కింది. గుడ్డ విప్పి చూపించాడు.

"నా దగ్గరే ఉంది" అన్నాడు. ఇంకేదైనా అనాలని, "కొలతలు తీసుకుంటున్నాను" అన్నాడు.

మాలిన్ అడిగింది.

"ఏం కొలతలండీ?"

ఆమె కోపంతో అడగలేదు. నిజంగా అర్థం కాక అడిగింది. అందుకే ఆ మాట అతనికి అంత లోతుగా దిగింది. తాను రాసుకున్న చీటీ కళ్ళ ముందు కనబడింది. "అందరూ రావాలి. పెద్ద వాన వచ్చేలా ఉంది." తన చేత్తో రాసిన మాటలు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

"ఇటు తే బాబూ" అని మత్తిస్ చెయ్యి చాపాడు. "మా అమ్మాయి పరుగెడుతుంది. నిన్ను నమ్ముకుంటే వాన ముందొస్తుంది."

అప్పుడే ఎలోఫ్ మేష్టారు గట్టు దిగి వచ్చాడు. పక్క ఊరి నుంచి నేరుగా ఇటే వచ్చినట్టున్నాడు, ఒంటి మీద చావుకి వేసుకునే నల్లకోటు అలాగే ఉంది. జరిగిందంతా ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆర్విద్ చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. ఒకసారి మబ్బు వైపు చూశాడు. తిరిగి ఆ కర్రని ఆర్విద్ చేతిలోనే పెట్టి, అతని వేళ్ళని దాని చుట్టూ మూశాడు.

"మేష్టారూ, టైము లేదండీ" అన్నాడు మత్తిస్.

"కర్ర ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచే కదలాలి. ఊరి కట్టుబాటు నువ్వే మరిచిపోతే ఎలా మత్తిస్?" అని ఆర్విద్ వైపు తిరిగాడు. "ఎనిమిదో ఇల్లు ఆ చెట్లగుంపు వెనకే."

"నేను పరుగెత్తలేనండీ. ఎప్పుడూ పరుగెత్తలేదు."

"పద" అన్నాడు మేష్టారు.

ఆర్విద్ పరుగెత్తాడు. పట్నం బూట్లు, కింద తడిగడ్డి. వాగు దగ్గర జారి మోకాళ్ళ మీద పడ్డాడు. నోటుపుస్తకం నీళ్ళలో పడింది, దాని కోసం వంగబోయి మళ్ళీ మానేశాడు. పడినా కర్ర మాత్రం చేతిలోంచి జారలేదు. ఎందుకు జారలేదో కాసేపటికి గానీ తెలియలేదు. అతని గుప్పిట ఆ పల్లంలో కూర్చుంది. వడ్రంగి పొరపాటని రాసుకున్నాడే, ఆ పల్లం. బొటనవేలికి ఒక చోటు, మిగతా వేళ్ళకి ఒక చోటు ఉన్నాయి. తనకి ముందు ఎంతమంది పట్టుకుని ఇలా పరుగెత్తితే చెక్క ఇంత అరిగిందో అనుకుంటూ గుట్ట ఎక్కాడు.

దారి పొడుగునా ఒక వాక్యం కూర్చుకున్నాడు. "క్షమించండి, పొరపాటు నాది, నిన్ననే రావాల్సింది" అని మొదలయ్యే పెద్ద వాక్యం. ఎనిమిదో ఇంటి గుమ్మంలో సిగ్నె అనే పాతికేళ్ళ అమ్మాయి కోళ్ళకి గింజలు చల్లుతోంది. ఆర్విద్ నోరు తెరిచాడు. మాట రాలేదు. ఒగర్పు తప్ప ఏమీ రాలేదు. కర్ర చాపాడు.

సిగ్నె అతని బురద మొహం చూడలేదు. కర్రనే చూసింది. గింజల బుట్ట కింద పెట్టి, కర్ర అందుకుని, కాగితం విప్పి చదివింది. కర్ర పట్టుకున్న ఆమె చెయ్యి కూడా సరిగ్గా ఆ పల్లంలోకే వెళ్ళింది.

"నాన్నా, గుర్రాలు కట్టు. మాలిన్ అక్క పొలానికి. ఇప్పుడే వెళ్ళాలి" అని లోపలికి కేకేసి, చెప్పులు విడిచి తొమ్మిదో ఇంటి దారి పట్టబోయింది.

ఆర్విద్‌కి అప్పటికి ఊపిరి కుదుటపడింది. అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి చాపేశాడు.

"అది ఇటివ్వండి. నేనే తీసుకెళ్తాను. అది నా దగ్గరుండాలి."

సిగ్నె ఆగి, వింతగా చూసింది.

"మీది ఏడో ఇల్లు కదండీ. మీ వంతు అయిపోయింది" అని చెప్పి వెళ్ళిపోయింది.

అతను చాపిన చెయ్యి చాపినట్టే నిలబడ్డాడు. గుట్ట వాలులో ఆమె చిన్నదవుతూ పోయింది. తొమ్మిదో ఇంటి తలుపు తెరుచుకోవడం కనబడింది. కాసేపటికి ఆ ఇంట్లోంచి ఇంకెవరో పదో ఇంటి వైపు పరుగెత్తడం కనబడింది. ఆ మనిషి ఎవరో ఆర్విద్‌కి తెలియదు, ఆ మనిషికి ఆర్విద్ ఎవరో తెలియదు. వెనకాల సిగ్నె వాళ్ళ నాన్న గుర్రాలకి బండి కడుతున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆర్విద్‌కి ఎందుకో కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి సిగ్గుతో వచ్చినవి కావు, సిగ్గు అంతకుముందే వచ్చి పోయింది.

"ఎక్కవయ్యా, నిలబడ్డావేం?" అని బండిలోంచి కేకేశాడు సిగ్నె వాళ్ళ నాన్న.

మూడిళ్ళ నుంచి నాలుగు బళ్ళు దిగాయి. ఆ తర్వాత ఎవరికీ మాట్లాడుకునే తీరిక లేదు. ఆర్విద్ పనలు అందించాడు, బండి తోశాడు, అరచేతులు గీరుకుపోయాయి. మేష్టారు నల్లకోటు విప్పి గుంజకి తగిలించి, తన వయసుకి తగ్గట్టు ఒక్కో పనా మోశాడు. ఎండుగడ్డి వాసన మీదికి వాన వాసన వస్తోంది. మధ్యాహ్నం దాటాక మొదటి చినుకులు పడ్డాయి. చివరి బండి కొట్టంలోకి వెళుతుండగా వాన పట్టుకుంది. ఆ బండి మీద సగం పనలు తడిశాయి. మిగతావన్నీ పొడిగా లోపలికి చేరాయి.

కొట్టం తలుపు మూసి మాలిన్ దానికి వీపు ఆనించి నిలబడింది.

"విత్తనానికి సరిపోతాయి. రొట్టెకీ సరిపోతాయి" అంది. రెండుసార్లు అంది. నీల్స్ తల వంచుకుని మొహం తుడుచుకున్నాడు.

పదో ఇంటి పెద్దాయన అప్పుడు నడుముకి దోపుకున్న కబురుకర్ర తీసి మాలిన్‌కి ఇచ్చాడు. మాలిన్ పొలానికి రమ్మని మాలిన్‌కే కబురేమిటని అందరూ నవ్వారు. "నవ్వుతారేం, ఆఖరి ఇల్లు చేరాలి కదా" అన్నాడు ఆయన. మాలిన్ దాన్ని మత్తిస్‌కి అప్పగించింది. కర్ర ఆర్విద్ కళ్ళ ముందు నుంచే వెళ్ళింది. అతను అడగలేదు.

మత్తిస్ దగ్గరికి మాత్రం వెళ్ళాడు.

"పాత చట్టం ప్రకారం నాకు శిక్ష పడాలి. ఇల్లు కాల్చి ఉరి తియ్యాలని ఉంది."

"నీకిక్కడ ఇల్లెక్కడుంది? బడి కాలిస్తే మేష్టారు నన్ను బెంచీ ఎక్కిస్తారు" అన్నాడు మత్తిస్. తర్వాత, "నీల్స్ కాలు ఇంకా కుదరలేదు. నూర్పిడికి ఒక మనిషి కావాలి" అన్నాడు.

వాన తొమ్మిది రోజులు కురిసింది. అది వెలిశాక ఆర్విద్ నూర్పిడికి వెళ్ళాడు. మొదటి రోజు కర్రతో గింజల కంటే తన మోకాలినే ఎక్కువ కొట్టుకున్నాడు. అక్టోబరు నాటికి పని వచ్చింది. నీల్స్ కర్ర ఊతంతో లేచి నడిచాడు. నవంబరులో మాలిన్ కొత్త పిండితో పల్చటి రొట్టెలు చేసి, నడుమ చిల్లు పెట్టి, దండేనికి గుచ్చి ఆరబెట్టింది. ఆర్విద్ ఆమె వంటింట్లో కూర్చుని కావెల్ అటూ ఇటూ దొర్లుతుంటే చూస్తూ ఉండేవాడు. చీటీ రాసుకోలేదు.

ఒకరోజు బడికి వచ్చి రాయడానికి కూర్చున్నాడు. ఎక్కువసేపు పట్టలేదు. రాసిన కాగితం మేష్టారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన గుమ్మంలో అదే జోడుకి ఇంకో మాసిక వేసుకుంటున్నాడు.

"చదువు" అన్నాడు.

ఆర్విద్ చదివాడు.

"బూద్‌కావ్లె. కబురుకర్ర. ఇంటి నుంచి ఇంటికి తిరిగే పిలుపు. పలకలుగా చెక్కుతారు. చేతులు మారేకొద్దీ గుండ్రబడుతుంది. దగ్గర ఉంచుకోకూడదు."

మేష్టారు సూది గుచ్చడం ఆపి విన్నాడు. ఆర్విద్ పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఒక్క సందేహం ఉందండీ" అన్నాడు మెల్లగా. "నేను చూసింది ఈ ఒక్క ఊరి కర్రనే. మిగతా ఊళ్ళలో కూడా ఇలాగే అరిగి గుండ్రబడిందో, లేక అక్కడ మొదటే గుండ్రంగా చేశారో చెప్పలేను. ఈ చలికాలం ఉండి, ఇంకో నాలుగు ఊళ్ళు తిరిగి చూస్తే సంపూర్ణంగా ఉంటుంది. అప్పటిదాకా దీన్ని మీ దగ్గర ఉంచండి. మీరు ఒకసారి దిద్దితే నాకు ధైర్యంగా ఉంటుంది."

కాగితం అందించాడు. మేష్టారు చెయ్యి చాపలేదు. జోడు పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న బాట వైపు చూశాడు. తపాలా బండి ఆ బాట మీదే వస్తుంది, వారానికి ఒకసారి.

"ఆర్విద్, ఇది ఏడో ఇల్లు" అన్నాడు.

ఆర్విద్ కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి పెట్టెని బయటికి లాగాడు. మెడలోని దారం తీశాడు. రాసిన కాగితాన్ని చీటీలన్నిటి పైన పెట్టి మూత వేశాడు. తాళం మాత్రం వెయ్యలేదు.

తపాలా బండి గంటల చప్పుడు వినబడేసరికి పెట్టె గుమ్మం బయట ఉంది.